రిమోటు ఆపేసిన తర్వాత

నేను పిరికివాణ్ణి. ఈ మాట ఇంకొకరు అంటే ఒళ్ళు మండుతుంది కాబట్టి నేనే ముందు చెప్పేసుకుంటాను. అనకాపల్లిలో వ్యవసాయ మోటార్లకు వైండింగ్ చుట్టడం నా పని. కాలిపోయిన మోటారు తెస్తారు, పాత రాగితీగ పీకేసి కొత్తది చుట్టి ఇస్తాను. కరెంటుతో పని చేసేవాడికి భయం ఉండాల్సిందే, అది లేనివాళ్ళు గోడకెక్కి దండలు వేయించుకుంటున్నారు అని మా ఆవిడతో వాదిస్తుంటాను. ఆవిడ ఒప్పుకోదు. కరెంటంటే సరే, మరి బల్లి అంటే ఎందుకు, లిఫ్టు అంటే ఎందుకు, నిండు చెరువు కనపడితే బస్సులో కూర్చుని కూడా కాళ్ళెందుకు ముడుచుకుంటారు అని అడుగుతుంది. దినదిన గండం నూరేళ్ళాయుష్షు అని నాకు పేరు పెట్టింది. నాకు ఈత రాదు. నేర్చుకుందామన్నా ముందు నీళ్ళలో దిగాలి కదా.

అలాంటివాడు రిమోటుతో నడిచే స్పీడు బోటు కొనడమేమిటని అందరూ అడిగారు. గట్టు మీద నిలబడి నడపొచ్చు, అదే నా జవాబు. భయపెట్టే వస్తువు అక్కడెక్కడో నీళ్ళ మీద ఉంటుంది, దాని పగ్గం నా వేలి కింద ఉంటుంది. రిమోటు ట్రిగ్గరు నొక్కితే పరిగెడుతుంది, వదిలితే ఆగిపోతుంది. బతుకులో నేను భయపడే వాటిల్లో ఒక్కదాన్ని కూడా అలా వేలు వదిలి ఆపలేకపోయాను.

ఫోన్లో చూసి తెప్పించుకున్న బోటు అది. మూరెడున్నర పొడవు, ఎర్ర రంగు, కొంగ ముక్కులాంటి ముందు భాగం. పెట్టెలోంచి తీసి నడిపితే పర్వాలేదనిపించింది. మామూలు మనిషైతే అక్కడితో సంతోషపడి ఉండేవాడు. మోటార్లు చుట్టేవాడి చేతికి మోటారు దొరికితే ఊరుకుంటాడా? ముందు మోటారు మార్చాను. దానికి తగ్గట్టు పెద్ద బ్యాటరీ పెట్టాను. బ్యాటరీ బరువుకి ముక్కు నీళ్ళలో కూరుకుపోయింది. బ్యాటరీని బొటనవేలంత వెనక్కి జరిపాను. ఈసారి ముక్కు పైకి లేచి, కోడెదూడలా గంతులు వేసింది. మళ్ళీ కాస్త ముందుకు జరిపాను. ఇలా ఆదివారాలన్నీ జరపడంలోనే గడిచిపోయాయి. అసలు పట్టు దొరికిందనుకున్నాక ప్లాస్టిక్ ప్రొపెల్లర్ తీసేసి లోహంది తెప్పించాను. ప్రొపెల్లర్ అని మేము అంటాం గానీ మా బావ దాన్ని పంకా అంటాడు, అదే బాగుంది. రెండు రెక్కల పంకా. దాని అంచుల్ని సన్నటి ఆకురాయితో రాసి, ఆ తర్వాత గరుకు కాగితంతో రుద్ది రుద్ది కత్తిపీట అంచులా చేశాను. అంచు ఎంత పదునైతే నీటిని అంత తేలిగ్గా కోసుకుపోతుంది. బొటనవేలి గోటి మీద ఆనించి చూస్తే గోరు పొరలా లేచింది.

దాని బ్యాటరీ అంటే నాకు ఇంట్లో పాము ఉన్నట్టే. ఎక్కువ చార్జయినా, దెబ్బ తగిలినా ముందు ఉబ్బుతుంది, తర్వాత భగ్గుమంటుంది. పెరట్లో మట్టికుండలో ఇసుక పోసి అందులో పెట్టి చార్జి చేసేవాణ్ణి. పక్కన ఇసుక బకెట్టు పెట్టుకుని, చార్జి అయ్యేదాకా పీట మీద నుంచి కదిలేవాణ్ణి కాదు. మా ఆవిడ టీ అక్కడికే తెచ్చిచ్చి, కొరివితో తల గోక్కోవడమంటే ఇదేనండీ, భయమైతే మానెయ్యకూడదా అనేది. మిగతా భయాలన్నీ వాటంతట అవే నా మీదికి వస్తాయి, దీని దగ్గరికి మాత్రం నేనే వెళుతున్నాను అని చెప్పాలని ఉండేది. చెప్తే నవ్వుతుందని చెప్పలేదు.

ఇక మా బావ. అంటే మా చెల్లెలి భర్త. రోలుగుంట దగ్గర పల్లెటూరు, చెరకు, వరి, సొంత గానుగ. ఆయన్ని చూస్తే భయమనే సరుకు దేవుడు నా ఒక్కడికే రెండు పాళ్ళు పోశాడా అనిపిస్తుంది. గానుగలో చెరకు పెడుతూ వెనక్కి తిరిగి ఎవరితోనో కబుర్లు చెబుతాడు. ఇనుప రోలర్లు తిరుగుతూనే ఉంటాయి, చెయ్యి వాటి మూతి దాకా వెళ్ళి వస్తూనే ఉంటుంది. పీతల కోసం బొరియల్లో మోచేతి దాకా పెడతాడు. లోపల పీతే ఉంటుందని ఆయనకు ఎవరు చెప్పారో నాకు ఇప్పటికీ తెలియదు. మా చెల్లెలు గానుగ ఆడే రోజుల్లో అటువైపు చూడకుండా పని చేసుకుంటుంది. ఒకసారి నేను ఉండబట్టలేక, కాస్త చూసుకుని పెట్టు బావా అన్నాను. నా భుజం మీద చరిచి, "నీ బయం నీ కాడ ఉంచుకో బావా, నాకంటించకు" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

జరిగినదానికి మొదలు ఆ ఇంట్లోనే, ఆ ఆదివారం పొద్దున్నే పడింది. దాన్ని ఇప్పుడే చెప్పేస్తాను, లేకపోతే తర్వాత నేనెందుకు అంత గింజుకున్నానో ఎవరికీ అర్థం కాదు.

లోహపు పంకా పెట్టాక బోటుని ఎక్కడ నడపాలన్నది సమస్య అయింది. కొండకర్ల ఆవ, అదే ఆ పెద్ద మడుగు, అన్నారు కొందరు. అక్కడ పక్షులు ఉంటాయి, దోనెల మీద తిరిగే జనం ఉంటారు, ఎవరికి తగిలినా నా పని అయిపోతుంది. మా ఊరి చెరువుకి వచ్చెయ్యి, మనిషన్నవాడు ఉండడు అని బావ అన్నాడు. వెళ్ళాను. బోటులో సిగ్నల్ అందుకునే పరికరం, రిసీవరు అంటారు, అది పాతది అప్పుడప్పుడూ తప్పుతోందని కొత్తది పెట్టుకుని వెళ్ళాను. కొత్తదానికి ఒక సంగతి నేర్పాలి. రిమోటు నుంచి సిగ్నల్ అందకపోతే ఏం చెయ్యాలి అన్నది. నేర్పడం చిటికెలో పని. రిమోటు ట్రిగ్గరు వదిలేసి ఉంచి, రిసీవరు మీద ఉన్న చిన్న బటన్ నొక్కాలి. ఆ క్షణాన ట్రిగ్గరు ఎలా ఉందో అదే అది గుర్తు పెట్టుకుంటుంది. ట్రిగ్గరు వదిలి ఉంటే, సిగ్నల్ పోగానే మోటారు ఆగిపోతుంది. నొక్కి ఉంటే, సిగ్నల్ పోగానే మోటారు పూర్తి వేగంతో తిరుగుతుంది. నడిపేవాడి చేతిలో రిమోటు చచ్చిపోయి ఉండగా.

చెల్లెలింటి అరుగు మీద ప్లాస్టిక్ స్టూలు వేసి, బోటుని దాని మీద పెట్టి, మూత తీసి, ఆ బటన్ మీద అగ్గిపుల్ల ఆనించి ఉన్నాను. ఈలోపు మా చెల్లెలు పసుపు కుంకుమ తెచ్చి బోటు ముక్కుకి బొట్టు పెట్టింది. బావకి హుషారొచ్చింది. కొత్త బండి అయితే చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించకుండా రోడ్డెక్కిస్తామా? మరి దీనికి చక్రాలు లేవు. ఆయన నిమ్మకాయని ఒక పుల్లకి గుచ్చి, పంకాకి ఎదురుగా పట్టుకుని, రెండో చేత్తో రిమోటు అందుకున్నాడు. "దీనికి సక్రాలు నేవు గానీ పళ్ళున్నాయి కదా, తిననీ" అంటూ ట్రిగ్గరు ఆఖరిదాకా లాగేశాడు.

పంకా అరిచిన అరుపుకి నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఉలిక్కిపడ్డాను. చేతిలో అగ్గిపుల్ల దిగబడింది. నిమ్మకాయ ఎక్కడికి పోయిందో తెలియదు, రసం మాత్రం నా కంట్లో పడింది. కన్ను నులుముకుంటూ చూస్తే రిసీవరు మీద చిన్న దీపం టపటప మెరిసి ఆగింది. బటన్ నొక్కితే అలాగే మెరవాలి. మెరిసింది కాబట్టి నేర్పడం అయిపోయిందనుకున్నాను. సరిగ్గా నేర్చుకుందో లేదో చూడటానికి ఒక పరీక్ష ఉంది. మోటారు నడిపి, రిమోటు ఆపి చూడాలి. స్టూలు మీద ఆ పంకా మళ్ళీ తిరగడం నేను చూడలేను అనిపించి, గబగబా బ్యాటరీ పీకేసి మూత మీద టేపు వేసేశాను. పరీక్ష చెయ్యకపోవడానికి కారణం కూడా భయమే. ఎవరైనా నవ్వాలనుకుంటే ఇక్కడ నవ్వొచ్చు.

చెరువు నిండుగా ఉంది. అవతలి వైపు కొండల నీడ పడి నీళ్ళు నల్లగా ఉన్నాయి. ఒక మూల తామరాకులు, వాటి పక్కన ఎవరివో వల కర్రలు. నేను గట్టు మీద నీటికి దూరంగా నిలబడ్డాను. చెల్లెలు కూడా వచ్చింది, మొగుడికి పొద్దుటి గంజి గిన్నెలో తెచ్చింది. నేను మూత తెరిచి బ్యాటరీ తగిలించి, మళ్ళీ టేపు వేసి ఇస్తే, బావ మోకాలు లోతు దిగి బోటుని వదిలాడు.

అది పరిగెత్తిన తీరు ఎలా చెప్పను? నీటి మీద వెళ్ళినట్టు లేదు, నీటిని ఒక్క పంకా మొనతో తాకుతూ గాలిలో వెళ్ళినట్టుంది. వెనకాల తోకలా తెల్లటి నీటి ధార లేచింది. తామరాకుల దగ్గర కొంగలు లేచిపోయాయి. నా నోరు చెవుల దాకా సాగింది. నేను జరిపిన బొటనవేలంత బరువు, నేను రాసిన అంచు, అన్నీ సరిగ్గా కుదిరాయి. చుట్టు తిప్పి తెచ్చి మళ్ళీ వదిలాను. బావ ఈలలు వేశాడు. నాకూ ఒకసారి ఇవ్వు అంటే ఇవ్వలేదు, ఆయన చేతికిస్తే ఏం చేస్తాడో నాకు తెలుసు. ఆ మాట ఆయనతో అన్నాను కూడా.

అప్పుడు వల కర్రల దగ్గర మలుపు తిప్పుతుండగా బోటు టక్కున ఆగిపోయింది. ట్రిగ్గరు వదిలి మళ్ళీ నొక్కి చూశాను. కదల్లేదు. ఎవరో వదిలేసిన పాత నైలాన్ వల, దాని దారం పంకాకి చుట్టుకుంది. ఆ దారం రెండో కొస నీళ్ళలో పాతిన కర్రకి ఉంది.

"ఓస్, దీనికేటి" అన్నాడు బావ. గట్టు మీద ట్రాక్టరు ట్యూబు ఉంది. మా వైపు చెరువుల్లో చేపలు పట్టేవాళ్ళు దాన్నే పడవలా వాడతారు. గాలి నింపిన ట్యూబు మధ్యలో కూర్చుని, కాళ్ళు నీళ్ళలో వేలాడేసి, చేతులతో తోసుకుంటూ వెళతారు. బావ అలాగే వెళ్ళాడు. జాగ్రత్త, బోటు గట్టిగా పట్టుకో, వదలకు, మునిగిపోతుంది అని వెనకనుంచి నేనే అరిచాను. సరే సరే అని చెయ్యి ఊపాడు.

ఇలాంటి బోట్లు నడిపేవాళ్ళకి ఒక సూత్రం ఉంది. ముందు బోటులో బ్యాటరీ తియ్యాలి, ఆ తర్వాతే రిమోటు ఆపాలి. అది నాకు బాగా తెలుసు. కానీ బావ దగ్గరవుతున్న కొద్దీ నా కళ్ళు నా చేతి మీదికే పోతున్నాయి. వేలు ట్రిగ్గరు పక్కనే ఉంది. ఆయన పంకా పట్టుకున్నప్పుడు నాకు తుమ్ము వస్తే? చీమ కుడితే? చేతిలోంచి రిమోటు జారితే? అనుమానం పెనుభూతం అంటారు. ఆ భూతం నన్ను నిలవనీయలేదు. రిమోటు ఆపేశాను. ఆపినా తృప్తి కలగక, వెనక మూత తీసి అందులో ఉన్న పెన్సిల్ సెల్లులు నాలుగూ బయటికి తీసి చొక్కా జేబులో వేసుకున్నాను. అప్పుడు గానీ ఊపిరి పీల్చుకోలేదు. ఇక ఏ తప్పూ జరగడానికి వీల్లేదనుకున్నాను.

బావ బోటుని చేరుకుని, ఎత్తి, పొట్ట మీద పెట్టుకున్నాడు. ట్యూబులో వెనక్కి వాలి, పంకా తన మొహం వైపు తిప్పుకుని, వేళ్ళతో దారం విప్పడం మొదలుపెట్టాడు.

నీళ్ళ మీద చప్పుడు దూరం వస్తుంది. నాకు ఒక చప్పుడు వినిపించింది. కిర్... ఆగి, మళ్ళీ కిర్... పూర్తిగా తిరగలేక, తిరగబోయి ఆగిపోతున్న మోటారు చప్పుడు. మోటార్ల మధ్యే తెల్లారి, మోటార్ల మధ్యే పొద్దు గుంకే బతుకు నాది, ఆ చప్పుడు నాకు ఒకరు చెప్పక్కర్లేదు. బిగుసుకున్న మోటారుకి కరెంటు అందుతుంటే అలాగే మూలుగుతుంది. కానీ రిమోటు ఆపేశాను కదా. సెల్లులు నా జేబులో ఉన్నాయి కదా. ఎవరు నొక్కుతున్నారు మరి?

అప్పుడు కంట్లో నిమ్మరసం మంట గుర్తొచ్చింది. అగ్గిపుల్ల దిగబడటం, దీపం మెరవడం గుర్తొచ్చాయి. ఆ క్షణాన ట్రిగ్గరు ఎవరి చేతిలో ఉందో, ఎంత లోపలికి లాగి ఉందో గుర్తొచ్చింది. నేను ట్రిగ్గరు నొక్కుతున్నట్టే అది పూర్తి బలంతో తిరగబోతోంది. దాన్ని ఆపుతున్నది ఆ నైలాన్ దారం ఒక్కటే. ఆ దారాన్నే బావ విప్పుతున్నాడు.

"వదిలెయ్ బావా! వదిలెయ్!" అని అరిచాను. గాలి ఎదురుగా ఉంది. ఆయనకు ‘వద’ అన్నంతవరకే వినపడిందని తర్వాత చెప్పాడు. వదలకు అంటున్నాననుకున్నాడు. బయల్దేరినప్పుడు అదే మాట అని ఉన్నాను కదా. వదల్లేదులే అన్నట్టు తలాడించి, బోటుని గుండెలకి ఇంకా గట్టిగా అదుముకున్నాడు.

ఆపగలిగేది ఒక్క రిమోటే. అది మళ్ళీ బతికితే, ట్రిగ్గరు వదిలి ఉందని బోటుకి తెలుస్తుంది, మోటారు ఆగుతుంది. జేబులో చెయ్యి పెట్టాను. సెల్లులు తీస్తుంటే ఒకటి జారి గట్టు మీద నుంచి దొర్లి గడ్డిలోకి పోయింది. చెల్లెలు పక్కనే నిలబడి నన్ను వింతగా చూస్తోంది. "సెల్లు! సెల్లు!" అన్నాను. ఆమె కంగారుగా నడుము దగ్గర దోపుకున్న ఫోను తీసి నా చేతిలో పెట్టింది. ఎవరికైనా ఫోన్ చెయ్యాలేమో అనుకుంది పాపం. మా ఇళ్ళల్లో సెల్లంటే ఫోనే కదా. నేను దాన్ని విసిరికొట్టాను. మా చెల్లెలి మీద జన్మలో చెయ్యెత్తనివాణ్ణి, ఆమె ఫోను నేలకేసి కొట్టాను. ఆమె బిత్తరపోయి నిలబడిపోయింది. నేను మోకాళ్ళ మీద పడి గడ్డిలో వెతుకుతుంటే అప్పుడర్థమై తనూ కూలబడి వెతికింది. తనకే దొరికింది. బురదైతే చీర కుచ్చిళ్ళకి తుడిచి ఇచ్చింది.

తలెత్తి చూశాను. బావ దారం వేళ్ళతో రాక, పంకాని నోటి దగ్గరికి తెచ్చుకుని పళ్ళతో కొరుకుతున్నాడు.

సెల్లులు వేసి మీట నొక్కాను. దీపం వెలగలేదు. ఒకటి తిరగేసి వేశాను. నలభై ఏళ్ళు దాటినవాణ్ణి, పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ప్లస్సూ మైనస్సూ చూసి బతికినవాణ్ణి, పెన్సిల్ సెల్లు తిరగేసి వేశాను. తీసి, తిప్పి, వేసి, మూత పెట్టకుండా అరచేత్తో అదిమి పట్టుకుని మీట నొక్కాను. దీపం ఎర్రగా వెలిగి, ఆలోచించినట్టు ఆగి, పచ్చగా మారింది. కిర్ మన్న చప్పుడు ఆగింది.

అక్కడ చెరువు మధ్య బావ నోట్లోంచి దారం ముక్క ఉమ్మేశాడు. పంకా రెక్కని చూపుడు వేలితో తిప్పాడు. అది గిర్రున తిరిగింది, ఏ అడ్డూ లేకుండా. ముందు దీపం పచ్చబడిందో, ముందు దారం తెగిందో నాకు ఇప్పటికీ తెలియదు. తెలుసుకోవాలని ఉండదు, కానీ ఆలోచన మాత్రం అక్కడికే పోతుంది.

ఆయన తోసుకుంటూ గట్టుకి వచ్చేదాకా అరచెయ్యి తియ్యలేదు. తీస్తే సెల్లులు జారతాయేమోనని, చెయ్యి తిమ్మిరెక్కినా అలాగే అదిమి ఉంచాను. బోటు నా ముందు పెట్టి, పెదవి మీద కొంచెం గీరుకున్న చోట నాలుకతో తడుపుకుంటూ, "నీ బోటు కూడా నీలాగే ఒణికిపోతంది బావా, సేతిలో సేప కొట్టుకున్నట్టు" అని నవ్వాడు. నేను టేపు పీకి, మూత తీసి, బ్యాటరీ లాగేసి, అక్కడే పక్కకి తిరిగి వాంతి చేసుకున్నాను.

ఏమైందని అడిగితే చెప్పాను. ఆయన నమ్మలేదు. నేను మామూలుగా భయపడే వందలో ఇదొకటి అనుకున్నాడు. అలా అనుకోవడంలో ఆయన తప్పేమీ లేదు, బల్లికి స్టూలెక్కేవాడి మాట ఎవరు నమ్ముతారు? రిమోటు ఆపితే తిరుగుతుందా, ఏటి కబుర్లు, సూపించు అన్నాడు. వద్దు అన్నాను. చూపించకపోతే నా వాంతి సంగతి ఊరంతా చెప్తానన్నాడు. అక్కడే ఉన్న రెండు బండరాళ్ళ మధ్య బోటుని బిగించి, పైన తాడు చుట్టి, పంకా గాలిలోకి ఉండేలా పెట్టి, బ్యాటరీ తగిలించాను. ఇద్దరినీ వెనక్కి పొమ్మన్నాను. రిమోటు మీట నొక్కి ఆపేశాను.

అది అరిచింది. బోటు తాడులో గింజుకుంది. పంకా కంటికి కనపడటం మానేసి, గాలిలో ఒక మెరుపు మాత్రం మిగిలింది. బావ ఇంకా నవ్వుతూనే, గట్టు పక్క చేనులోంచి విరిచిన చెరకు గడ దాని మూతికి పెట్టాడు. బొటనవేలికి రెండింతల లావుంటుంది గడ. చప్పుడు కూడా పెద్దగా రాలేదు. గడ పొట్టిదైపోయింది. పిప్పి, రసం ఆయన మొహం నిండా పడ్డాయి. ఆయన ఇంకోసారి పెట్టాడు. ఇంకా పొట్టిదైంది. మూడోసారి పెట్టబోయి ఆగిపోయాడు. గడ పట్టుకున్న వేళ్ళూ పంకా మూతీ ఎంత దగ్గరయ్యాయో అప్పుడు చూసుకున్నాడు.

రిమోటు మళ్ళీ వేశాను. పంకా ఆగిపోయింది. బావ మొహం తుడుచుకోలేదు. చేతిలో మిగిలిన చెరకు ముక్కని చూశాడు, తర్వాత పెదవి తడిమి చూసుకున్నాడు. నవ్వలేదు. ఊళ్ళో చెప్తానన్న మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇంటికి నడుస్తుంటే నేను వెనక బోటు మోసుకుంటూ వచ్చాను. ఎదురుగా చేలల్లోకి పోయేవాళ్ళు పోతున్నారు. అంత మంది చూస్తుండగా మా చెల్లెలు మొగుడి కుడి చేతి మణికట్టు పట్టుకుని నడిచింది. ఇంటిదాకా వదల్లేదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో వాళ్ళనలా ఎప్పుడూ చూడలేదు. నాతో మాత్రం ఒక్క మాటే అంది. "అన్నియ్యా, ఈరోజు గానీ ఏటైనా అయితే నిన్నేటని పిలిచేదాన్ని?" నేను బోటుని రెండో చంకలోకి మార్చుకున్నాను.

మధ్యాహ్నం భోజనాలకి కూర్చున్నాం. చేపల పులుసు పెట్టింది. మర్నాడు గానుగ ఆడాలి, చెరకు నరికి పెట్టి ఉంది. మామూలుగా అయితే బావ నోరు ఊరుకోదు, రేపు ఎంత రసం, ఎంత బెల్లం, ఎవరెవరు వస్తారు అని చెప్తూనే రెండు వాయిలు తినేస్తాడు. ఆ రోజు కంచంలో చెయ్యి పెట్టాడు గానీ అన్నం కలపలేదు. వేళ్ళు అన్నం మీద ఆనించి, వాటినే చూస్తూ కూర్చున్నాడు. ఒక్కొక్క వేలూ కాస్త ఎత్తి దించాడు. అన్నీ ఉన్నాయి. అన్నీ కదులుతున్నాయి. అయినా కంచం అంచుకి ఉంగరం టకటకా తగులుతోంది. చల్లారిపోతంది తిను అని చెల్లెలు రెండుసార్లు అంది.

నేను ఏదో ఒకటి అందామనుకున్నాను. రేపు ఇంకెవరినైనా గానుగ దగ్గర పెట్టు అందామా అనుకున్నాను. ఈలోపు ఆయనే తలెత్తి నా వైపు చూశాడు. వెటకారం లేదు ఆ చూపులో. ఆయన నన్ను వెటకారం లేకుండా చూడటం నాకు కొత్త.

"బావా, నీకు రోజూ ఇలగే ఉంటాదేటి?" అన్నాడు.

లేదని చెప్పి ఉండొచ్చు. రేపటికి పోతుంది, ఇది ఒక పూట ఉండేదే అని ధైర్యం చెప్పి ఉండొచ్చు. ఆయన అంత నిజంగా అడుగుతుంటే అబద్ధం నోటికి రాలేదు.

"ఉంటాది బావా" అన్నాను.

"మరి అన్నం ఎలగ తింటన్నావు?"

చెల్లెలు ఆయన చెయ్యి మెల్లగా పక్కకి తీసి, చీర చెంగుతో తుడిచి, తనే అన్నం కలిపి ముద్ద చేసి నోటి దగ్గర పెట్టింది. ఆయన నా ముందే నోరు తెరిచి తిన్నాడు.